వెనకటి మహానుభావుడు

టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం నాకు చిన్నప్పుడే వచ్చింది. నాన్న ఫ్యూజు కట్టేటప్పుడు పట్టాను, అన్నయ్య స్కూటరు విప్పేటప్పుడు పట్టాను, ఇప్పుడు సముద్రాలు దాటి వచ్చి బావగారి గోల్ఫ్ కార్టుకి పడుతున్నాను. దేశం మారింది గానీ డ్యూటీ మారలేదు. వెలుగు ఎక్కడ వేసినా "అక్కడ కాదురా, ఇక్కడ!" అనిపించుకోవడమే ఇందులో జీతం.

బావగారి కాపురం జార్జియా రాష్ట్రంలోని పీచ్‌ట్రీ సిటీలో. అట్లాంటాకి దక్షిణంగా 30 మైళ్లు ఉంటుంది. 1959లో పుట్టిన ఈ ఊళ్లో కార్లు వెళ్లే రోడ్లు కాక, చెట్ల మధ్య నుంచి 100 మైళ్ల బాటలున్నాయి. వాటి మీద తిరగడానికి 10,000కి పైగా గోల్ఫ్ కార్టులున్నాయి. ఊళ్లో వాళ్లంతా గోల్ఫ్ ఆడతారనుకుంటే పొరపాటు. మన ఊళ్లో టీవీఎస్ బండి ఎలాగో ఇక్కడ కార్టు అలాగ. పాల డబ్బాకి అదే, క్షవరానికి అదే. మెకింతోష్ హైస్కూలు పిల్లలు బడికి కూడా కార్టుల్లోనే వెళతారు. మా మేనల్లుడు ఆ బడిలో చేరిన ఏడు, వాడి కోసమని బావగారు ఒక పాత కార్టు కొన్నారు. ఇప్పుడు వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. హైస్కూలు నాలుగేళ్లూ పక్కింటి వాళ్ల కార్టులో వెనక్కి తిరిగి కూర్చుని బడికెళ్లాడు.

బండి 1996 నాటి క్లబ్ కార్ డీఎస్. బావగారు దాన్ని ఇంటికి తెచ్చిన రోజే దాని జాతకం చూశారు. సీరియల్ నంబరు రేకు తుడిచి చదివారు. ముందు ఒక్క ఏ అక్షరమే ఉంటే కరెంటు బండి, తర్వాతి రెండంకెలూ పుట్టిన సంవత్సరం, ఆ తర్వాతి రెండూ పుట్టిన వారం. "ఇరవై మూడో వారం. అంటే జూన్ మొదట్లో" అన్నారు మురిసిపోతూ. సొంత పెళ్లిరోజు ఏ నెలలోనో అక్కయ్య గుర్తు చేస్తే తప్ప ఆయనకి తెలియదు. "చట్రం అల్యూమినియంరా, తుప్పు పట్టదు. ఆరు బ్యాటరీలు, ఒక్కోటీ 8 వోల్టులు, వెరసి 48. గుండె, ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. పైన బీడింగులు మార్చేస్తే పెళ్లికూతురే. ఒక్క శనివారం పని."

పాత బండి ప్రేమికుల జాతి ఒకటుంది. విజయవాడ ఆటోనగర్‌లో పుట్టినా, అమెరికా గరాజులో తేలినా వీళ్లందరిదీ ఒకటే లక్షణం. బండి నడపడం వీళ్లకి పట్టదు. విప్పడం పడుతుంది. బిగించడం కూడా పెద్దగా పట్టదు. అన్నిటికంటే ముఖ్యం, వీళ్లకి ఒక శత్రువు కావాలి. ఆ శత్రువు ఎవరో కాదు, బండిని వెనకట అనుభవించినవాడు. బావగారు అతన్ని చూడలేదు, పేరు తెలియదు. "వెనకటి మహానుభావుడు" అంటారు. మనం కష్టాలకి పూర్వజన్మని తిట్టుకుంటామే, సరిగ్గా అలా తిడతారు.

అడుగుపెట్టే చోటు అంచున నల్లటి రాకర్ ప్యానెల్ ఉంటుంది. మొదటి శనివారం దాన్ని విప్పబోయారు. ముందు బ్యాటరీ నెగెటివ్ కేబులు తీశారు. పానా జారి రెండు కొసలకీ తగిలితే నిప్పులు రాలతాయని దాని పిడికి టేపు చుట్టారు. అంతవరకూ శాస్త్రోక్తంగా జరిగింది. తీరా చూస్తే రివెట్లు ఉండాల్సిన చోట మహానుభావుడు ఇనప స్క్రూలు బిగించి పెట్టాడు. అల్యూమినియంకీ ఇనుముకీ మధ్య తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడి పట్టి రెండూ కరుచుకుపోతాయి, ఆలుమగలైనా అంతలా కరుచుకుని ఉండరు. నూనె పోసి వారం నానబెట్టారు. తలలు అరిగిపోయాయి గానీ స్క్రూలు రాలేదు. మిగిలిన అసలు రివెట్లని డ్రిల్లుతో తొలిచేద్దామంటే, డ్రిల్లుతో పాటు రివెట్టూ గిర్రున తిరిగింది. నేను టార్చి ఒక చేత్తో, రివెట్టు తల నొక్కిపట్టిన స్క్రూడ్రైవరు ఇంకో చేత్తో పట్టుకుని రెండు ఉద్యోగాలు చేశాను. ఆ పని మూడు శనివారాలు మింగింది.

బండి ఒంటికి మొలతాడులా అంటించిన బీడింగు సంగతి వేరే. అది మహానుభావుడి సొంత అలంకారం. అక్కయ్య జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిచేసి, చేపలు పట్టే దారం జిగురులోకి దూర్చి రంపంలా లాగితే చక్కగా ఊడింది. ఊడాక చూస్తే, బండి అంతా ఎండకి వెలిసి పాచిరంగులోకి దిగిపోయింది. బీడింగు కింద మాత్రం కొత్త ఆకుపచ్చ, గడియారం తీసిన మణికట్టులాగ. నామం దిద్దుకున్నట్టుంది బండి. నామం పోవాలంటే ఒళ్లంతా పాలిష్ చెయ్యాలి. పాలిష్ చెయ్యాలంటే లైట్లు విప్పాలి. ఆ సాయంత్రం బావగారి మొహంలో కనిపించిన ఆనందం ఆయన గ్రీన్‌కార్డు వచ్చిన రోజున కూడా నేను చూడలేదు.

నల్ల ప్లాస్టిక్ బూడిదరంగుకి తిరిగితే ఏం చెయ్యాలన్న దాని మీద ఇంట్లో పెద్ద సభే జరిగింది. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు "కొబ్బరినూనె రాయరా అబ్బాయ్" అన్నారు. రాశారు. సాయంత్రానికల్లా నిగనిగలాడింది, మర్నాటికల్లా వీధిలో దుమ్మంతా దాని మీదే ఉంది. ఎవరో పీనట్ బటర్ రుద్దమన్నారు. రుద్దారు. ఉడతలు బండెక్కాయి.

విప్పిన స్క్రూలన్నీ పెరుగు డబ్బాల్లో చేరాయి. చుట్టాలొచ్చిన రోజు అక్కయ్య అలాంటి డబ్బా ఒకటి అన్నాల దగ్గర మూత తీసింది. "ఏవండీ, ఇంట్లో పనులు కూడా కాస్త చూడండి. పోపుసామాను అర ఒక పక్కకి ఒరిగిపోయింది. దానికి నాలుగు స్క్రూలుండాలి, మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైందో!" అంది. బావగారు గంభీరంగా "గోడ మెత్తబడి ఉంటుంది" అన్నారు.

అంతకు ముందు, కొత్త ప్యానెల్ వచ్చినప్పుడు దాని బెజ్జాలు పాతవాటికి పావు అంగుళం పక్కన పడ్డాయి. ఆకురాయితో బెజ్జాల్ని కోలగా సాగదీసి, ప్లాస్టిక్ పగలకుండా వెడల్పు తలల రివెట్లు వేశారు. ఆఖరి రివెట్టు తగ్గింది. ఆ రోజు థాంక్స్‌గివింగ్, షాపులు మూసేశారు. బావగారు ఇంట్లోకి వెళ్లి ఏదో తెచ్చి బిగించి, పైన నల్ల సిలికాన్ పూశారు. నేను టార్చి పట్టాను. ఉద్యోగంలో మొదటి నియమం, చూసింది చెప్పకపోవడం.

అది జరిగి రెండేళ్లు. మొన్న శనివారం ఆ ప్యానెల్ వెనక మూల లేచిందని బావగారు దిండు వేసుకుని నేల మీద పడుకున్నారు. సిలికాన్ గీకారు. కాసేపు మాట లేదు. తర్వాత కింద నుంచి గర్జన వినిపించింది.

"చూశావురా! చెక్క స్క్రూ! ప్లాస్టిక్‌లోకి చెక్క స్క్రూ బిగిస్తాడా ఎవడైనా? పైగా ఎవరూ చూడకుండా సిలికాన్ పూశాడు! వీడికి బండి అమ్మిన వాణ్ణి అనాలి."

స్క్రూ తీసి నా చేతిలో పెట్టారు. తల ఇత్తడిది. వంటింటి కిటికీలోంచి అక్కయ్య ఇటే చూస్తోంది.

నేను టార్చి కాస్త పక్కకి తిప్పాను.

"అక్కడ కాదురా, ఇక్కడ!" అన్నారు బావగారు.