గాలిబండ వ్యాఖ్య

మూలము

“మామా! మొదటి నూరు పేజీలు ఓర్చుకో. ఆ మింద నువ్వే వదల్లేవు.”

అవతారిక

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు తిప్పుతూ, వెనక సీట్లో ఉన్న మేనమామతో అన్న వాక్యమిది. మామ ఒడిలో సుమారు 800 పేజీల ఇంగ్లీషు నవల ఉంది. రాబర్ట్ జోర్డన్ అనే అమెరికా రచయిత 1990లో వెలువరించిన ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ అది. ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే 14 సంపుటాల కాలచక్ర గాథకు ప్రథమ స్కంధం.

కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మహానుభావుడు, ఆయనకు చెల్లింది. ఈ టీకాకారుడికి అలాంటి నియమం లేదు. కొండమీద వేరే పనీ లేదు.

ప్రతిపదార్థము

మామా = ఓ మేనమామా! (పుస్తకం కొన్నవాడు వక్త అనీ, కొననివాడు శ్రోత అనీ ఈ సంబోధనలోనే ధ్వని.) మొదటి = ప్రథమ సంపుటమందలి; నూరు పేజీలు = పటము, పీఠిక, పల్లె, పండగ, పొగమంచు వీటితో నిండిన శతపత్రములను; ఓర్చుకో = నిద్రపోక, కథ యేదిరా యని నన్ను అడుగక, సహింపుము; ఆ మింద = నూటొకటవ పేజీ మొదలుకొని; నువ్వే = నా ప్రేరణము లేకయే; వదల్లేవు = భోజనమునకు పిలిచినను రాజాలవు.

అన్వయం సుగమం. చిక్కంతా అర్థంలోనే.

‘మొదటి’ యనుటపై విచారము

ఏది మొదటిదని కొందరి ఆక్షేపణ. 2004లో ‘న్యూ స్ప్రింగ్’ అని పూర్వకథ ఒకటి నవలగా వచ్చింది. కథాకాలంలో అది ముందుది గనుక దానితోనే ఎత్తుకోవాలని వారి వాదం. ఇది గ్రాహ్యం కాదు. జరిగిన వరుసలోనే చదవాలని పట్టుబడితే నన్నయ ఆదిపర్వం ఎవరూ తెరవలేరు. అక్కడ ఉదంకుడు, రురుడు, గరుత్మంతుడు, సర్పయాగం కలిసి రెండు ఆశ్వాసాలు నడుస్తాయి. మునిమనవడి యాగం ముందు, ముత్తాతల పుట్టుక వెనుక. దాన్ని వెయ్యేళ్లుగా భరిస్తున్న జాతికి ప్రచురణ క్రమం ఒక లెక్కా?

‘నూరు పేజీలు’

పీఠికలో ఒక మహావీరుడు మతి చెడి తనవాళ్లను తానే చంపుకుంటాడు. తెలివి వచ్చాక చేసింది చూసుకుని తట్టుకోలేక, తన మీదికి తానే మహాశక్తిని దింపుకుంటాడు. వాడు కాలిపోయిన చోట కొండ లేస్తుంది. ప్రతి కొండకూ ఇలాంటి పీఠిక ఒకటి ఉంటుందేమో. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ వచ్చి వేసవి బంగళా కట్టుకోకముందు మేం కూర్చున్న కొండ ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు తెచ్చిపెట్టింది తిని బతికిన మల్లమ్మ, కొండవాళ్ల రోగాలు నయం చేస్తూ ఉండి, ఒకనాడు కనిపించకుండా పోయిందని చెప్పుకుంటారు. గుడి ఉంది. 14 సంపుటాలు మాత్రం ఎవరూ రాయలేదు.

పీఠిక అయ్యాక గాలి. ఈ శ్రేణిలో ప్రతి సంపుటానికీ మొదటి అధ్యాయం ఎక్కడో ఒక గాలి లేవడంతోనే మొదలవుతుంది. జోర్డన్‌కు అదే మంగళాచరణం. ఆ గాలిలో రాండ్ అనే పల్లెటూరి కుర్రవాడు తండ్రితో కలిసి బండి పక్కన నడుస్తుంటాడు. వెనక్కి తిరిగి చూస్తే దూరాన నల్లబట్టల రౌతు. అంత గాలిలోనూ ఆ రౌతు అంగీ కదలదు.

ఇక్కడ టీకాకారుడు పుస్తకం మూసి చుట్టూ చూశాడు. 4,000 అడుగులకు పైబడిన ఎత్తున, గాలిబండ మీద, కదలనిది ఏదీ లేదు. చీరకొంగులు, టోపీలు, సెల్ఫీ దిగే కుర్రకారు జుట్టు, చిప్సు ప్యాకెట్టు కోసం కాచుకున్న కోతి తోకమీది వెంట్రుకలు, చేతిలోని పేజీ, అన్నీ ఒకే దిక్కుకు పరుగెడుతున్నాయి. వీటి మధ్య ఒక్క అంగీ మాత్రం నిటారుగా వేలాడుతూ కనబడితే? చలిమంట దగ్గర కూర్చుని చదివే అమెరికా పాఠకుడికి ఈ భయం సగమే అందుతుంది. భయానకరసానికి స్థలం కూడా ఉద్దీపన విభావమే కదా.

తరువాత మళ్లీ గొర్రెలు, పొగాకు, సత్రం, పండగ ఏర్పాట్లు, ఊరి ఆడవాళ్లతో తగువు పెట్టుకుని నోరు మూసుకునే ఊరి మగవాళ్లు. రాక్షసమూక వచ్చి మీదపడినా కథ ఊరు దాటదు. పదో అధ్యాయానికి గానీ బృందం బయలుదేరదు. మేనల్లుడి లెక్కలో నూరు అన్నది ఔదార్యంతో చెప్పిన సంఖ్య.

దీన్ని దోషమనడానికి నాకు నోరు రాదు. పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురం, ప్రవరుడి ఇల్లు, అతిథిసేవ, ఇవన్నీ చూపించాకే హిమాలయం చూపించాడు. కాలి పసరు కరిగిపోయి, ఇంటికి పోయే దారి లేక అల్లాడుతున్నవాడి గోడు మనకు పట్టాలంటే, ఆ ఇంట్లో మనం ముందే ఒక పూట ఉండి రావాలి. రాండ్ విషయంలోనూ అంతే.

‘ఓర్చుకో’

ఓర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. నైనీవ్ అనే వైద్యురాలు కోపం వచ్చినప్పుడల్లా తన జడ తానే లాక్కుంటుంది. ఈ సంపుటంలో మొలకెత్తిన ఈ పునరుక్తి తర్వాతి సంపుటాల్లో మహావృక్షమట. పేర్లూ అంతే. ప్రతి ఊరికీ, ప్రతి కత్తికీ పేరుంది, ఆ పేరుకో చరిత్ర ఉంది. అందుకే పుస్తకం చివర అకారాదిగా పదకోశం పెట్టారు, అంటే గ్రంథకర్తే టీక కూడా రాసుకున్నాడన్నమాట. మా వృత్తికి ఇది అన్యాయం.

పూర్వపక్షము: ఇలాంటి శ్రేణి మనకు లేదా, పరదేశం పోవాలా?

ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు 12 భాగాలు. మొదటి భాగంలోనే మణిసిద్ధుడు కాశీకి తోడు దొరక్క తిరిగి తిరిగి, చివరికి ఒక పశుల కాపరిని కుదుర్చుకుంటాడు. కాపరి షరతు పెట్టాడు: మజిలీ మజిలీకీ నేను చూసి అడిగిన వింతకు కథ చెప్పాలి, చెప్పకపోతే వెనక్కి పోతాను. చూడండి, అక్కడ ఓర్చుకోవలసింది చెప్పేవాడు! వినేవాడు అలిగితే కాశీయే లేదు. జోర్డన్ దగ్గరికి వచ్చేసరికి ఓర్పు భారం పాఠకుడి నెత్తికెక్కింది. ఈ ఒక్క విషయంలో దీక్షితులదే పైచేయి అని సిద్ధాంతం.

విశేషము

ఈ నవలకు ఆయువుపట్టు జోస్యంలోని కుర్రవాడు. మొయిరేన్ అనే మంత్రశక్తి గల స్త్రీ ఎక్కడినుంచో వచ్చి, ముగ్గురు పల్లెకుర్రాళ్లను పరకాయించి చూసి, లోకానికి కావలసినవాడు వీళ్లలో ఒకడని తీసుకుపోతుంది. ఎవడో చివర తేలుతుంది. టీకాకారులకు గుట్టు దాచే అలవాటు లేదు: రాండే.

దీనికి వ్యాఖ్య రాయడానికి ఈ కొండను మించిన చోటు లేదు. కింద మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. 1909లో మద్రాసు అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజపు పెద్ద లెడ్‌బీటర్ కంటబడ్డాడు. రాబోయే జగద్గురువుకు ఈ పిల్లవాడే పాత్ర అని ఆయన తేల్చాడు, ఆ సమాజపు అధ్యక్షురాలు అనీబిసెంట్ నమ్మింది. 1911లో ఆ పిల్లవాడి కోసం ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే సంఘం పుట్టింది. ఇంగ్లండు చదువు, దేశదేశాల సభలు, ఎదురుచూసే వేలమంది. 14 సంపుటాలకు సరిపడా సరంజామా సిద్ధం. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో, బిసెంట్ వింటూండగా, కృష్ణమూర్తి లేచి సంఘాన్ని రద్దు చేశాడు. తనకు శిష్యులు అక్కరలేదన్నాడు. వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిప్పి ఇచ్చేశారు.

రాండ్ కూడా నేను కాను, నేను కానని మొత్తుకుంటూనే ఉంటాడు, పాపం, రాసేవాడు వదలడు. మదనపల్లె కుర్రవాడికీ రాసేవాళ్లు తక్కువేం కాదు, ఆయన వాళ్ల చేతుల్లోంచి కలం లాక్కున్నాడు. మొదటి సంపుటంలోనే ముగిసిన ఇతిహాసం అది. ఈ కొండల నడుమ ఉన్న రిషి వ్యాలీలో ఆయన తలపెట్టిన బడి నడుస్తోంది. అక్కడి పిల్లలు కూడా దిండు కింద రాండ్ కథ పెట్టుకుని చదువుతుంటే నాకు ఆశ్చర్యం లేదు. తిరస్కరించినవాడి కథ గొప్పదే, కానీ తర్వాతి పేజీ ఉండదే!

‘వదల్లేవు’

ఇందులో వక్త దాచిన సంగతి ఒకటుంది. జోర్డన్ 2007లో, గాథ పూర్తికాకుండానే పోయాడు. ఆయన భార్యా సంపాదకురాలూ అయిన హ్యారియెట్ మెక్‌డూగల్ బ్రాండన్ శాండర్సన్‌ను ఎంచుకుని నోట్సు అప్పగించింది. ఒకటి కావలసిన చివరి సంపుటం మూడై, ఆఖరుది 2013లో వచ్చింది. ముగ్గురు కవులు కలిస్తే గానీ భారతం కాని తెలుగువాడికి ఇది కొత్త కాదు. అరణ్యపర్వశేషం పూరించిన ఎర్రన దాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితం చేసి నన్నయ దారినే నడిపాడు. శాండర్సన్ సంపుటాల అట్టమీదా జోర్డన్ పేరు పెద్దదే. అయితే 1990లో మొదలుపెట్టినవాడు 23 ఏళ్లు కాచుకున్నాడు. నూరు పేజీల ఓర్పు బోధించే మేనల్లుడు అన్నీ అచ్చయ్యాక వరుసగా కొనుక్కున్నవాడు.

తాత్పర్యము

ఓ మామా! ఈ గ్రంథమును పట్టుకొనుట నీ యిష్టము, విడుచుట నీ యిష్టము కాదని భావము. వ్యాజస్తుతి అలంకారము. నూటొకటవ పేజీయందు టీకాకారుడు టీ మాట మరచెనని ప్రత్యక్షసాక్షులు.

ఇది శ్రీమదేనుగుమల్లమ్మ కరుణావిశేషలబ్ధ శీతలవాయుసేవనతత్పర, భాగినేయదత్త పుస్తకభారనమ్ర, మధ్యాహ్ననిద్రావిఘ్నసహిష్ణు మాతుల ప్రణీతంబైన గాలిబండ వ్యాఖ్య యందు నూరు పేజీల ప్రకరణము. ద్వితీయ సంపుటము ‘ది గ్రేట్ హంట్’ వక్త కారు డిక్కీలో కలదు.