పొగడ్త సమీక్ష కాదు

మా రోజుల్లో కొత్త నవల వచ్చిందంటే దాని మీద సమీక్ష ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూర్చునేవాళ్లం. సమీక్షకు రెండు ప్రతులు పంపమనేవి పత్రికలు. పంపినంత మాత్రాన మెచ్చుకుంటారన్న భరోసా రచయితకు ఉండేది కాదు. 1968లో కడప నుంచి విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి ‘సంవేదన’ పత్రిక తెచ్చినప్పుడు, ఆయన కలానికి దొరికితే ఏమవుతుందోనని పేరుమోసినవాళ్లే జంకేవారు. అయినా ఆయన ఏమన్నారో తెలుసుకోకుండా ఉండలేకపోయేవారు.

ఇప్పుడో! ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్నాయనే మర్నాడు సమీక్షకుడు. ముందుమాటలోంచి నాలుగు వాక్యాలు, వెనకట్ట మీంచి రెండు, చివర ‘అందరూ చదివి తీరాల్సిన పుస్తకం’. ప్రేమకథకీ అదే, అపరాధ పరిశోధనకీ అదే, సైన్స్ ఫిక్షన్‌కీ అదే. పుస్తకం పేరు మారుస్తే చాలు, సమీక్ష తయారు.

ఏ రకం నవలకు ఆ కొలత ఉంటుందయ్యా. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్ని అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని తెల్లారేలోగా పూర్తిచేసిన పాఠకులం మేం. హంతకుడి ఆచూకీ రచయిత ముందే మా కళ్లెదుట ఉంచాడా, లేక హంతకుడు చివరి అధ్యాయంలో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడా అని తగవులాడుకునేవాళ్లం. సమీక్షకుడు తేల్చాల్సిందీ అదే, అదీ గుట్టు విప్పకుండా. మొన్న ఓ సమీక్షలో రెండో పేరాలోనే హంతకుడి పేరు రాసేశారు. ఇక ఆ నవల ఎవరు కొంటారు?

చారిత్రక నవల సంగతి మరీ ఘోరం. ఈమధ్య కాకతీయుల కాలం నాటి కథ ఒకటి చదివాను. అందులో ఓరుగల్లు సైనికుడు మిరపకాయ కొరుక్కుంటూ సంగటి తింటాడు. మిరప అమెరికా ఖండాల పంట. దాన్ని ఇక్కడికి తెచ్చిన పోర్చుగీసువాళ్లు మన తీరానికి వచ్చిందే 1498లో. ఓరుగల్లు పడిపోయింది 1323లో. దాని మీద వచ్చిన సమీక్షలు మూడు చూశాను. ‘ఆనాటి జీవితం కళ్లకు కట్టింది’ అని మూడూ రాశాయి. ఆ సైనికుడి పళ్లెంలోకి ఒక్కరూ తొంగిచూడలేదు!

కాలక్షేపం నవలేగా, దానికింత విచారణ ఎందుకంటారు కొందరు. యండమూరి వీరేంద్రనాథ్ హారర్ నవల ‘తులసిదళం’ జనాన్ని ఊపేస్తున్నప్పుడు, అది మూఢనమ్మకాలను పెంచుతోందని రచయిత్రి రంగనాయకమ్మ ఏకంగా ఓ పుస్తకమే రాశారు. ఆమెతో ఏకీభవించినా మానినా, లక్షలాదిమంది చదివే నవలను పేజీ పేజీ పట్టి నిలదీయడం విమర్శకుల పనేనని ఆమె చేసి చూపించారు. ఇవాళ హారర్ నవలను ఎవరు అలా పట్టించుకుంటున్నారు?

కొత్తగా సమీక్షలు రాసే పిల్లలకు చెప్పేదొకటే. ముందుమాట ఆఖర్న చదవండి. పుస్తకం మొత్తం చదవండి. ఆ రకం నవలలు ఓ పదైనా చదివాకే కలం పట్టండి. మంచిని ఏ పేజీలో కనబడిందో చెప్పి మెచ్చుకోండి, తప్పును స్నేహితుడిదైనా సరే ఎత్తిచూపండి. మీ మాట నమ్మి జేబులోంచి డబ్బు తీసేది పాఠకుడు. మీరు జవాబుదారీ ఆయనకే.