అర్హత వయసు అధికారి వారికి అహోబిలం నుంచి బహిరంగ లేఖ

అర్హత వయసును నిర్ణయించు అధికారి వారి సముఖమునకు,

విషయం: పదవీ విరమణ వయసులో ప్రభుత్వ ఆరోగ్య బీమా నమోదు – అహోబిలం, ఆళ్లగడ్డ మండలం, నంద్యాల జిల్లా – గురించి.

ఆంధ్రప్రదేశ్‌లో మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడన్నది ఏ శాఖను అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్టీఆర్ భరోసా పింఛనుకు 60 ఏళ్లు నిండాలి. గిరిజనులకైతే 50 చాలు. ప్రభుత్వోద్యోగికి 2022 జనవరి నుంచి విరమణ వయసు 62. కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు 70. నల్లమలలో తేనె తీసే చెంచు 50 దాటగానే వృద్ధుడని పింఛను కాగితం ఒప్పుకుంటుంది. కేంద్రం కార్డు లెక్కలో ఆయన మరో ఇరవయ్యేళ్లు పడుచువాడే.

ఆరోగ్య బీమాకు మొదటి దారి ఉద్యోగానిది. రిటైరయ్యేవారిలో కాస్త నిశ్చింతగా ఉండదగినవాడు ప్రభుత్వోద్యోగి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) పెన్షనర్లకూ వర్తిస్తుంది. జీతంలోంచి నెలనెలా పోయే చందా తర్వాత పెన్షన్‌లోంచి పోతుంది. 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమైన ఆర్టీసీ సిబ్బందీ ఈ గొడుగు కిందికే వచ్చారు. అయితే ఉద్యోగి కార్డు దానంతట అదే పెన్షనర్ కార్డుగా మారదు. అప్పటిదాకా డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) చూసుకున్న ధ్రువీకరణ ట్రెజరీ చేతికి వెళుతుంది. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), ఆధార్, ఫొటోలతో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. సన్మానసభలో శాలువా కప్పేవాళ్లలో ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

రెండో దారి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. ఇందులో వయసు ప్రసక్తి లేదు, ఆదాయమే కొలబద్ద. ఆళ్లగడ్డ శిల్పికి ఎన్నడూ విరమణ ఉత్తర్వు రాదు. ఉలి పట్టిన చెయ్యి వణికిన రోజే ఆయన రిటైర్మెంటు. అయినా కుటుంబం అర్హుల జాబితాలో ఉంటే పెద్దాసుపత్రి ఖర్చుకు భయం లేదు. ఏడాది ఆదాయం 5 లక్షలు దాటిన ఇంటికి మాత్రం ఈ తలుపు మూసి ఉంటుంది.

మిగిలినవాళ్ల సంగతే అసలు సంగతి. ప్రైవేటు బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన పంతులు, కిరాణా కొట్టు కొడుక్కి అప్పగించిన షావుకారు, పింఛను లేని కంపెనీ గుమాస్తా – వీళ్లు ఉద్యోగులూ కారు, పేదలూ కారు, 70 నిండలేదు కనుక వృద్ధులూ కారు. హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు పగలూ రాత్రీ, లోపలా బయటా, నేలా నింగీ అన్నీ కట్టుదిట్టంగా రాయించుకున్నాడు. రాయించడం మరిచిన సందులోంచే నరసింహుడు వచ్చాడు. ఆయన వెలువడిన స్తంభం తమ కొండ మీదే ఉందని చెప్పే ఊరివాళ్లకు నిబంధనల నడుమ సందు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. పథకానికీ పథకానికీ మధ్య ఉన్న సందులోంచి వచ్చేది గుండెపోటు.

ఈ నడిమి ఏళ్లకు ఉన్న ఆధారాలు రెండు. కనీసం అయిదేళ్లు కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐలో ఉండి విరమణ వయసుకు దిగిపోయిన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. 120 రూపాయలే, అచ్చుతప్పు కాదు. రెండోది సొంతంగా కొనే పాలసీ. కొత్త పాలసీకి 65 ఏళ్ల హద్దును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఎత్తేసింది; 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. అయినా ఆ వయసువారికి ప్రీమియం బరువే. అప్పటికే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనే షరతూ ఉండొచ్చు.

70 నిండాక లెక్క మారుతుంది. 2024 అక్టోబర్ 29న మొదలైన వయ వందన కార్డుకు ఆదాయంతో పనిలేదు; అహోబిల మఠానికి భూములిచ్చినవారైనా, మెట్ల దగ్గర పూలమ్మేవారైనా ఒకటే. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపి. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కావలసిన కాగితం ఆధార్ ఒక్కటే. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోవాళ్లే నమోదు చేయవచ్చు. రాళ్లు చెక్కి వేలిముద్ర అరిగినా ముఖమో కనుపాపో ఓటీపీయో చాలు. సందేహాలకు 14555.

చిక్కు ఆధార్‌లోని పుట్టిన తేదీతోనే. బడి ముఖం చూడని తరానికి వయసు అడిగి రాసుకున్నారు. ఊళ్లో సగం మంది జనవరి 1నే పుట్టారా అనిపిస్తుంది. ఆ తేదీని ఒక్కసారే మార్చుకోనిస్తారు, అదీ రుజువు చూపితేనే. తుఫాను ఏడాది పుట్టాననే రుజువు ఏ యాప్‌లోకీ ఎక్కదు. పైగా ఈ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది; నెలనెలా బీపీ, షుగర్ మాత్రల ఖర్చు దీంట్లోకి రాదు.

పోలికకు అమెరికాను చూడండి. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌లో చేరడానికి 65 నిండే నెలకు అటు మూడు, ఇటు మూడు కలిపి ఏడు నెలల గడువు. కంపెనీ బీమా వంటి మినహాయింపు లేకుండా దాటబెడితే డాక్టర్ ఖర్చులు చూసే పార్ట్ బీ ప్రీమియం ఆలస్యమైన ప్రతి ఏడాదికీ 10 శాతం పెరుగుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లి గ్రీన్‌కార్డు పొందిన తెలుగు తల్లిదండ్రులకు అయిదేళ్ల నివాసం పూర్తయితేగాని ఆ తలుపు తెరుచుకోదు. ఇక్కడ ఆలస్యానికి జరిమానా లేదు. గడువు ఫలానా అని చెప్పే ఉత్తరమూ లేదు.

కావున కోరేది కొత్త పథకం కాదు. ప్రతి నెలా ఒకటో తేదీన గ్రామ సచివాలయం సిబ్బంది 4,000 రూపాయల పింఛనుతో ఇంటింటికీ వస్తారు. పింఛనుదారుల వయసులు వారి దగ్గరే ఉంటాయి. 70 నిండినవారి కార్డు ఆ గడప దగ్గరే చేయించవచ్చు. విరమణ ఉత్తర్వుతోపాటే ఈహెచ్‌ఎస్ మార్పు ఫారం ఇవ్వవచ్చు. 62కూ 70కీ నడుమ ఉన్నవారి విషయంలో, వారు ఏ లెక్కకు చెందుతారో అధికారి వారే సెలవియ్యవలసిందిగా మనవి.

ఇట్లు,
ఇంకా 70 నిండనివారి తరఫున

నకలు: సచివాలయం నోటీసు బోర్డుకు, సమాచార నిమిత్తం.