కొలతల అవధానిగారు

పూలమొక్కలను పెంచువారిలో పూవును చూచి తృప్తినొందువారును, కోసి దేవుని పటమునకు పెట్టి తృప్తినొందువారును, పొరుగువారికి చూపినగాని తృప్తినొందనివారును కలరు. కాని పూవును కొలిచి, ఆ కొలతను డబ్బామీద అచ్చువేసిన అంకెతో సరిచూచి, అర అంగుళము తక్కువపడినదన్న చింతచే ఆ పూట కాఫీ కూడ సహింపని మహానుభావుడు ఒకడు కలడు. అతనిని నేను కొలతల అవధాని యందును. అతడు ఏ యొక్క ఇంటికిని చెందినవాడు కాడు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంటు మొదలుకొని శాన్ హోసే వఱకు తెలుగువారి కాపురములున్న వీథులలో, అక్టోబరున విమానము దిగి, సందర్శకులకు సాధారణముగా నొసగు ఆఱు నెలల గడువు తీఱినంతనే ఏప్రిలులో మరల విమానమెక్కు తండ్రుల సమూహమున ఇట్టివాడు ఒక్కడైనను ఉండితీఱును. స్వదేశమున అతడు సర్వేశాఖలో గొలుసు లాగించియో, ఇంజనీరింగుశాఖలో ఎం.బుక్కు అను కొలతల పుస్తకము వ్రాసియో, ఉన్నతపాఠశాలలో క్షేత్రగణితము బోధించియో పింఛను పుచ్చుకొన్నవాడై యుండును.

కొడుకును కోడలును కచేరికి, మనుమరాలు బడికి పోగా, పగలెల్ల మిగిలిన ఆ పెరడును చూచి అతనికి చేతులు దురదపెట్టును. శీతకాలము ముంచుకొనివచ్చుచున్నది, బెండకు కాలము కాదు, బీరకు కాలము కాదు. అట్టి సమయమున కొడుకు వెంట తోటసామానుల అంగడికి పోయినపుడు అతని కంటబడునది అనెమొనీ దుంపల డబ్బా. గసగసాల పూవును తలపింపజేయుటచే పాపీ అనెమొనీ యని పేరుపడినను దీనికి గసగసాలతో చుట్టఱికము లేదు. మన వంటింటి నల్లజీలకఱ్ఱ కుటుంబమునకు చెందినది. మధ్యధరాసముద్రతీరము దీని పుట్టినిల్లు. అచటివలెనే తడి చలికాలమును, పొడి వేసవియు గల కాలిఫోర్నియా దీనికి అత్తవారిల్లుగా సరిపోయినది. మన అవధానిగారి చూపు మాత్రము ఈ వంశవృత్తాంతముమీద నిలువదు. డబ్బా వెనుక సన్నని అక్షరములలో నున్న ‘ఎత్తు 16 అంగుళములు’ అను వాక్యముమీద నిలుచును. నిజమునకు ఈ మొక్క 8 అంగుళములు మొదలు 16 అంగుళముల వఱకు, అనగా ఇంచుమించు జానెడు మొదలు, మూరెడునకు మించక, నేలను బట్టియు, చలిని బట్టియు, వెలుతురును బట్టియు పెరుగునది. అమ్ముకొనువాడు పై అంకెను మాత్రమే అచ్చువేయును. పింఛనుదారుడు దానిని సర్కారు ఉత్తరువుగా స్వీకరించును.

ఆ దుంపలను చుట్టుకొలతను బట్టి, 6 సెంటీమీటర్లవి వేఱు, 7 సెంటీమీటర్లవి వేఱు అని తరగతులుగా విభజించి అమ్ముదురని తెలిసిననాడు అతని ఆనందమునకు మేరలేకపోయినది. ఇంటికి వచ్చి నూలుపోగు చుట్టి, ఆ పోగును స్కేలుమీద పఱచి, ప్రతిదుంపను స్వయముగా తనిఖీ చేసెను. నల్లగా, ముడుతలు పడి, ఏది తలయో ఏది మొదలో ఎఱుకపడని ఆ ముద్దలను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, రెండంగుళముల లోతున, నాలుగేసి అంగుళముల ఎడముగా పాతవలెను. తల తెలియనిచో పక్కకు పరుండబెట్టినను చాలును, మొలక తన దారిని తానే వెదకికొనును. ఆ ఎడము తప్పకుండుటకు అవధానిగారు దారము కట్టి, సున్నపుముగ్గు వేసి, మనుమరాలిని గొలుసుబంట్రోతుగా నియమించిరి.

నవంబరు గడచునప్పటికి నేలను అంటుకొని చీలికలు చీలికలుగా ఆకులు వచ్చును. ఒకనాటి సాయంకాలము వారి శ్రీమతి వంటింటి కిటికీలోనుండి, “ఏమండీ, పెరట్లో కొత్తిమీర ఎంత బాగా వచ్చిందండీ! చారులోకి నాలుగు రెబ్బలు తుంచుకోనా?” అని యడిగినది. ఆ మొక్క రసము ఒంటికి తగిలిన మంటపుట్టించునదియు, కడుపులోనికి పోయిన కీడుచేయునదియు నగు మాట నిజము. ఆ సంగతియు అతడు ఎఱుగును. అయినను అతని నోటివెంట మొదట వచ్చిన మాట, “ఆగవే! ఇంకా నాలుగున్నర అంగుళాలే అయింది!” అనునది. విషము సంగతి రాత్రి భోజనమువేళ జ్ఞప్తికి వచ్చినది.

అటుపిమ్మట ఉదయకాలపు కొలత ఆరంభమగును. శాలువ కప్పుకొని, కోతిటోపీ పెట్టుకొని, చంకలో ఉక్కుటేపు నిఱికించుకొని అతడు మడియొద్ద మోకరిల్లు దృశ్యమును ప్రహరీ మీదుగా చూచిన పొరుగింటి దొరసాని, ఇది హిందువుల ప్రాతఃకాల పూజావిశేషమని నిశ్చయించుకొన్నది. కొలతయన్న అంత సులభమా? కొడుకు తేమ నిలుచుటకై పఱచిన చెక్కపొట్టు పైనుండి కొలువవలెనా, పొట్టును తొలగించి మన్నునుండి కొలువవలెనా? మొగ్గ నేల వెడలునపుడు తల వంచుకొని వచ్చి పిదప నిటారుగా లేచునది. వంగిన కాడను వంపువెంట కొలువవలెనా, నిలువున కొలువవలెనా? ఈ ధర్మసందేహములు తీఱకమునుపే కాఫీ చల్లారును.

పూవు విచ్చినపుడు మఱియొక చిక్కు. ఐదు మొదలు ఎనిమిది వఱకు గల ఆ ఎఱ్ఱని, ఊదాని, తెల్లని రేకులు పగటియెండలో విప్పుకొని మాపటికి ముడుచుకొనును. మధ్యాహ్నము మూడంగుళములుగా కనబడిన పూవు తెల్లవాఱి చూచువేళకు ఒకటిన్నర అంగుళమై యుండుట కనుగొని, కోడలు నీళ్లగొట్టమును తిప్పిన తీరును అతడు శంకించెను. “మామయ్యగారూ, ఎండ వచ్చాక మళ్లీ చూడండి,” అని ఆమె యనగా, “తొమ్మిది దాటితే ఎం.బుక్కు మూసేస్తానమ్మా,” అని బదులు. విచిత్రమేమనగా ఆ పూవు విచ్చిన తరువాతను పెరుగును. రేకులు దినదినమునకు కొంత సాగును. పూవు కంఠముక్రింద గల ఆకుల పట్టెడకును పూవునకును నడుమ కాడ పొడవగును. పూలు అమ్ముకొను రైతులు ఆ నడిమి ఎడమును చూచియే కోతకు అదను నిర్ణయింతురు. ఇంత ముచ్చటగా పెరుగుదలను కన్నులయెదుట ప్రదర్శించు పూవు ముందు కూర్చుండి, నల్లని నడిబొడ్డునైనను, దాని చుట్టునున్న కేసరముల వలయమునైనను అతడు ఒక్కసారి చూచిన పాపమున పోలేదు.

పక్కసందులో ఇట్టివాడే మఱియొకడు ఉండుట ఈ జాతి దురదృష్టము. ఆయన మొక్కలు గోడనీడన వెలుతురు చాలక బలహీనములై సాగి, పదునెనిమిది అంగుళములకు చేరి నేలమీద పడియున్నవి. అవధానిగారు వానిని చూచివచ్చి రెండురాత్రులు నిద్రింపలేదు. నిండుటెండలో దృఢముగా నిలిచిన తన పన్నెండంగుళముల మొక్కలే మేలైనవని చెప్పినవారిని శత్రుపక్షమున జమకట్టెను.

అతనికి పూలకథలు చెప్పబోవుట వ్యర్థము. యవనుల పురాణములలో అడోనిసు అను సుందరయువకుడు అడవిపందివాతబడి మరణింపగా వాని నెత్తుటినుండి ఈ పూవు పుట్టినదని కోడలు చెప్పినది. “ఆ కుఱ్ఱాడు ఎంత ఎత్తుంటాడమ్మా?” అని అతని ప్రశ్న. ఇజ్రాయేలులో ఉత్తర నెగెవు మైదానములు జనవరి ఫిబ్రవరులలో ఈ పూలచే ఎఱ్ఱబాఱుననియు, వానిని చూడ జనము తండోపతండములుగ పోవుదురనియు, 2013లో ఇది ఆ దేశపు జాతీయపుష్పముగా ఎన్నుకొనబడినదనియు కొడుకు చెప్పెను. “అన్ని పూలు ఎవడు కొలుస్తాడురా?” అని అతడు నిజముగా బెంగపడెను.

ఏప్రిలులో ప్రయాణమగునాటికి అత్యధికముగా నమోదైన ఎత్తు పదమూడుంబావు అంగుళములు. విమానాశ్రయమునకు పోవు కారులోనుండి దిగి మఱియొకసారి కొలిచివచ్చెను, పావు పెరుగలేదు. ఎండలు ముదిరినంతనే ఆకులు పసుపెక్కి వాడిపోవుట, దుంప మంటిలో నిద్రించుట ఈ మొక్క స్వభావము. విజయవాడనుండి అతడు ఫోనులో, “ఇప్పుడెంత వుందిరా?” అని యడుగును. “ఎండిపోయింది నాన్నగారూ, మళ్లీ చలికాలానికి లేస్తుంది,” అని కొడుకు చెప్పిన, “ఎండినదైనా ఎంత వుందో చెప్పు,” అనును.

ఇట్టి పెద్దమనిషి మీ ఇంటికిని ఈ అక్టోబరున దిగబోవుచున్నయెడల మీకొక మనవి. ఇంటిలోని టేపును దాచకుడు. టేపు దొరకనిచో అతడు జానవేసి కొలుచును. జానవేసిన పూవు నలుగును.