సెటప్ దొరవారికి తుళ్లూరు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ సెటప్ ప్రోగ్రామ్ వారి దివ్య సముఖమునకు,

తుళ్లూరులో జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకుని బతుకుతున్న విధేయుడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: కొత్త ఎస్‌ఎస్‌డీలో తమరిని ప్రతిష్ఠించుకున్న రాత్రి జరిగిన సంగతులు.

అయ్యా,

నా కంప్యూటర్ 2015 మొదట్లో కొన్నది. రాజధాని కోసం భూసమీకరణ జరుగుతున్న రోజులు. షాపు ముందు క్యూ ఉండేది. భూమి ఇస్తామనేవాళ్లకి 9.3 ఫారం, ఇవ్వమనేవాళ్లకి 9.2. రెండూ నా దగ్గరే జిరాక్సు, వాటి వెనక పెట్టే అర్జీలు నా దగ్గరే టైపు. ఒకే ఇంట్లో అన్నకి ఒకటి, తమ్ముడికి ఒకటి చేసిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అవన్నీ పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఈమధ్య అది ఆన్ చేసి టీ తాగొచ్చినా లేవడం లేదు. లోపల్నుంచి టకటకమని గోరు కొట్టుకున్నట్టు చప్పుడు. చివరికి గుంటూరు వెళ్లి ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. అరచేతిలో పట్టే డబ్బా, ఊపితే చప్పుడు లేదు. ఇంత డబ్బు పోసి కొన్నది కాస్తయినా బరువుండొద్దూ అనిపించింది.

మా అన్నయ్య కొడుకు వచ్చి కేబినెట్ విప్పాడు. ఫ్యాను రెక్కలకి దూది పేరుకుని ఉంది. షాపు చుట్టుపక్కల పత్తి చేలు లేక ఎన్నేళ్లయింది! ఆ దూది ఆఖరి పంట నాటిదే అయ్యుండాలి (పదేళ్లలో ఒక్కసారీ విప్పి తుడవలేదని ఒప్పుకుంటున్నాను). వాడు ఊదేయబోతే చెయ్యి పట్టుకున్నాను. తరువాత నేనే ఊదాను.

"బాబాయ్, ముందు పాతదాని వైరు పీకెయ్" అన్నాడు. తమరి తెర మీద డిస్కులకి పేర్లుండవట, సున్నా, ఒకటి అని నంబర్లేనట. ఒక్క నొక్కు తప్పితే పదేళ్ల అర్జీలు గంగలో కలుస్తాయన్నాడు. వాడే ఇంకో సంగతీ చెప్పాడు. హార్డ్ డిస్కులో చెరపడమంటే అడంగల్లో పేరు కొట్టెయ్యడం లాంటిది. పొలం అక్కడే ఉంటుంది, గట్లు అలాగే ఉంటాయి, దాని మీద కొత్తగా ఏదీ రాయకముందు వెతికితే దొరికే వీలుంది. ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అని ఒక ఆజ్ఞ ఉంది. చెరిపిన గళ్లు ఇక అక్కర్లేదని సిస్టమ్ డ్రైవుకి కబురు పెడుతుంది, డ్రైవు తీరిక చూసుకుని వాటిని దున్నేస్తుంది. గట్టు కూడా మిగలదు. నేను మారు మాట్లాడకుండా వైరు పీకాను.

తమరు పెన్‌డ్రైవ్ మీద వేంచేసి మొదట భాష అడిగారు. కాలానికీ కరెన్సీకీ తెలుగు పెట్టుకోవచ్చట. తమరితో మాట్లాడ్డానికి మాత్రం ఇంగ్లీషొక్కటే. అంటే గడియారం తెలుగులో, గద్దింపు ఇంగ్లీషులో.

తరువాతి తెర: ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యమంటారు? కింద ఒకటే వరుస. అన్‌అలొకేటెడ్ స్పేస్, 476 జీబీ. బిల్లులో 512 ఉంది. అమ్మేవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, తమరు 1024 లెక్కన కొలుస్తారు. అమ్మే కుంచం వేరు, కొలిచే కుంచం వేరు. మరో ఊరివాళ్లయితే తగువుకి దిగేవాళ్లేమో. మేం 4,840 గజాల మెట్ట ఎకరం ఇచ్చి, 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం కాగితం మీద పుచ్చుకున్నవాళ్లం. 36 జీబీకి నోరు చేసుకుంటామా? తమరు అందులోంచి మళ్లీ బూటుకని 100 ఎంబీ, ఎందుకో చెప్పకుండా 16 ఎంబీ, మరమ్మతులకని ఇంకొంత తీశారు. రోడ్లూ పార్కులూ తీసేసిన లేఅవుట్లు చూసిన కళ్లు, అదీ సరిపెట్టుకున్నాయి.

ఇక రీస్టార్ట్. పెన్‌డ్రైవ్ తియ్యడం మరిచాను. తమరు మళ్లీ మొదటి తెర నుంచి, ఏ భాష, ఎక్కడ పెట్టమంటారు అంటూ వచ్చారు. మా అన్నకొడుకు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధాని శంకుస్థాపన చూశాను. 2019 డిసెంబరులో రాజధాని బూటయ్యే చోట్లు ఒకటి కాదు, మూడన్నారు. 2025 మే 2న పనుల పునఃప్రారంభమూ చూశాను. మధ్యలో ఖాళీ జాగాలో తుమ్మకంప మొలిచింది, కొట్టేశారు. మొదటి తెర మళ్లీ రావడం మాకు కొత్త కాదు. పెన్‌డ్రైవ్ ఎవరు తియ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

తరువాత నెట్ లేనిదే లోపలికి రానివ్వనన్నారు. నెట్ రావాలంటే లాన్ డ్రైవరుండాలి. డ్రైవరేమో నెట్‌లో ఉంది. ఆ ధ్రువపత్రానికి ఈ ధ్రువపత్రం, ఈ ధ్రువపత్రానికి ఆ ధ్రువపత్రం. తమరు ఏ మండలాఫీసులో పని నేర్చుకున్నారో గానీ, మా అన్నకొడుకు ఫోను కేబుల్‌తో తగిలించి గట్టెక్కాం.

మర్నాడు ఒక పెద్దావిడ వచ్చింది. "అబ్బాయ్, అప్పుడు మా ఆయన రాయించిన కాయితం కావాలి. ఆయన పోయాక బీరువాలో కనపడ్డం లేదు" అంది. పాత డిస్కు యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలించాను. టకటకలాడుతూనే లేచింది. పదేళ్లుగా డి అని పిలిచినదానికి తమరు ఈ అని పేరు పెట్టారు, సరే. ఫైలు దొరికింది. తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, బ్రాకెట్లూ కొక్కేలూ ఇంగ్లీషు ముక్కలూ. తెలుగుకి 1991లోనే యూనికోడ్‌లో చోటిచ్చినా, మా డీటీపీ వాళ్లం చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల గూళ్లలోనే తెలుగు ముక్కలు అద్దెకు పెట్టుకున్నాం. ఆ పాత ఫాంటు లేకపోతే గూడు కనిపిస్తుంది, పిట్ట కనిపించదు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన మండలి ఫాంటు వేసి చూశాను. అది యూనికోడ్ మనిషి, పాత కాపురం సంగతి దానికేం తెలుసు?

ఆవిడ తెర వైపు చూసి, "ఇది మా ఆయన రాయించింది కాదు" అంది. పాత డిస్కులోంచే ఫాంటు వెతికి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. మొదటి లైన్లో ఊరు పేరూ సర్వే నంబరూ తేలగానే ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

నా విన్నపం ఒక్కటే. కొత్త స్థలంలో కాపురం పెట్టే ముందు, పాత ఇంట్లో ఏ ఫాంట్లు వాడేవారని ఒక్క తెర మీద అడగండి. ఇంగ్లీషులో అడిగినా ఫర్వాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
జిరాక్సు షాపు, తుళ్లూరు

జతపరచినవి: ఏమీ లేవు. పాత డిస్కు నా బీరువాలోనే ఉంటుంది.