ఫోన్ ఉపవాసం

ఫోన్ ఉపవాసం అంటే కొంతకాలం సెల్‌ఫోన్, ఇంటర్నెట్ ముట్టకుండా గడపడం. వ్రతకల్పాల్లో దీని ప్రస్తావన లేదు. ఆచరించేవారు ఎక్కువగా ఆదివారాన్నే ఎంచుకుంటారు. సోమవారం అయితే ఆఫీసు ఒప్పుకోదు. సంకల్పం ముందురోజు రాత్రే చెప్పుకోవాలి. సాధారణంగా వాట్సాప్ స్టేటస్‌లో చెప్పుకుంటారు: "రేపంతా అందుబాటులో ఉండను." ఆ స్టేటస్ ఎందరు చూశారో తెలుసుకోవడానికి తెల్లవారి ఒక్కసారి ఫోన్ తెరిస్తే దోషం లేదని అనుష్ఠానపరుల అభిప్రాయం.

తర్వాతి క్రమం ఏకాదశి ఉపవాసం లాగే నడుస్తుంది. అన్నం మానేసినవాళ్లు ఉప్మా, ఇడ్లీ, అరటిపళ్లు, గ్లాసుడు పాలతో నీరసం రాకుండా చూసుకున్నట్టు, ఫోన్ మానేసినవాళ్లు టీవీతో, ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తారు. బస్సులో పక్కసీటు ఆయన ఫోన్‌లోకి తొంగిచూడడం ఫలహారం కింద లెక్క.

ఇది ఇంత కష్టం కావడానికి తప్పంతా మనిషి మనోబలానిది కాదు. వారపత్రికకు ఆఖరి పేజీ ఉండేది. ఒకప్పటి దూరదర్శన్ రాత్రయితే కార్యక్రమాలు ముగించేది. ఫోన్‌కు ఆ మర్యాద లేదు. కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. తర్వాత ఆయనే ఆ పనికి విచారం వెలిబుచ్చాడు. ఆ వార్తను కూడా జనం అలా జరుపుతూ చదివి, ఆగకుండా ఇంకా కిందికి వెళ్లిపోయారు. 2018లో గూగుల్, ఆపిల్ రెండూ ఫోన్ వాడకాన్ని లెక్కగట్టే ఏర్పాటును ఫోన్‌లోనే పెట్టాయి. రోజుకెన్ని గంటలు పాడయ్యాయో చూడాలంటే మళ్లీ ఫోన్ తెరవాలి. ఆ అంకె చూసి దిగులుపడ్డవాళ్లు దిగులు తీరడానికి ఓ రీలు చూస్తారు.

అసలు చిక్కు ఓటీపీ దగ్గర వస్తుంది. బ్యాంకులో డబ్బు ఎవరిదైనా, అది కదలాలంటే ఫోన్‌కు అంకెలు రావాలి. గ్యాస్ బండ గుమ్మం దాకా వచ్చినా కోడ్ చెప్పనిదే లోపలికి రాదు. 2016లో యూపీఐ వచ్చాక టీకొట్టులో చిల్లర కరువైంది. ఐదువందల నోటు తీసినవాడిని కొట్టతను దొంగనోటును చూసినట్టు చూస్తాడు. అందుకే ఇంట్లో ఒకరు ఉపవాసం ఉంటే వాళ్ల ఫోన్లన్నీ ఇంకొకరికి వస్తాయి. ఉపవాసం భర్తదైతే కొరియర్ కుర్రాడు, చిట్టీల ఆయన, అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంతా భార్యకే చేస్తారు. మధ్యాహ్నానికి అత్తగారు కూడా చేస్తుంది: "వాడు ఫోన్ ఎత్తడం లేదేంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" బాల్కనీలో మడతకుర్చీ మీద నెమ్మదైన జీవితం ఆయనది. దానికయ్యే పరుగంతా ఆవిడది.

పూర్తిగా వదిలేసినవాళ్లూ లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలోని కూర్మ గ్రామంలో కృష్ణభక్తులు కరెంటు, సెల్‌ఫోన్ లేకుండా కాపురముంటున్నారు. ఇళ్లు ఇసుక, సున్నం, బెల్లం, కరక్కాయ వంటి వాటితో కట్టుకున్నారు, సిమెంటు వాడలేదు. తిండి వాళ్లే పండించుకుంటారు. ఈ ఊరి సంగతి మిగతా జనానికి ఎక్కువగా తెలిసింది యూట్యూబ్ వల్లనే. ఫోన్ లేని ఊరిని ఫోన్‌తో తీసి, చివర్లో సబ్‌స్క్రైబ్ చేయమని వేడుకున్న వీడియోలకు లోటు లేదు.

అంత దూరం పోలేనివారికి మధ్యేమార్గం ఉంది. హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన ధ్యాన కేంద్రం ధమ్మఖేత్త 1976 నుంచి ఉంది. పదిరోజుల శిబిరంలో చేరేటప్పుడే ఫోన్ అప్పగించాలి, మాట్లాడడం మానాలి, తెల్లవారుజామున నాలుగింటి గంటకు లేవాలి. తిరుమలలో దర్శనానికి వెళ్లేముందు కూడా ఫోన్ డిపాజిట్ చేయాల్సిందే. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లు వేరే దారిలేక పక్కవాళ్లతో మాట్లాడతారు. గేటు తెరిచేలోగా ఏ ఊరో, ఎవరి తాలూకో, పిల్లకు ఎన్నేళ్లో అన్నీ తేలిపోతాయి.

ఈ రెండు చోట్లా ఉపవాసం నిలుస్తోందంటే అందరికీ ఒకేసారి ఫోన్ ఉండదు గనక. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ ఈ కిటుకు పట్టుకుంది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగించి, ఎనిమిదిన్నర దాకా ఊరంతా ఫోన్లు, టీవీలు కట్టేసే పద్ధతి పెట్టారు. పిల్లలు పుస్తకం పట్టాలి, పెద్దలు మనుషులతో మాట్లాడాలి. ఒక్కడే కట్టేసి కూర్చుంటే పిచ్చివాడంటారు. ఊరంతా కట్టేస్తే అనేవాళ్లు ఉండరు.

ఇంట్లో ఈ పద్ధతి పెట్టదలిచినవారు ఫోన్లన్నీ ఒకే బీరువాలో పెట్టి తాళంచెవి బామ్మగారి చేతికివ్వడం మంచిది. అయితే ఆవిడ సీరియల్ చూసేది వాటిలో ఏ ఫోన్‌లోనో ముందే కనుక్కోవాలి.