అనునాదం గారికి బహిరంగ లేఖ

అయ్యా అనునాదం గారూ,

తమరు రానంత వరకు ఇక్కడ అందరం క్షేమం.

వంకరగా నడిచే అవకలన సమీకరణాన్ని, స్థిర బిందువు దగ్గర చరరాశులు మార్చి సరళంగా చేసుకోవడం మా పని. ఐగెన్ విలువల్లో దేని వాస్తవ భాగమూ సున్నా కాకపోతే అది సాధ్యమేనని 1960 ప్రాంతంలో గ్రోబ్‌మన్, హార్ట్‌మన్ ఎవరికి వారు అభయమిచ్చారు. గుణకాలు కాలంతో మారే సమీకరణాలకూ 1973లో పామర్ ఆ అభయం అందించాడు. కానీ అలా దొరికే మార్పు అవిచ్ఛిన్నం, అంతే. సుడి తిరుగుతూ దిగే దారికీ నేరుగా దిగే దారికీ దానికి తేడా తెలియదు. మాకు కావాల్సింది నునుపు. సరిగ్గా అక్కడే అడ్డుపడతారు మీరు.

మీ చేతివాటం నలుగురూ చూడాలి. ఎక్స్ మార్పు రేటు ఎక్స్. వై మార్పు రేటు 2వై, దానికి తోడు ఎక్స్ వర్గం. ఐగెన్ విలువలు 1, 2. ఒకటీ ఒకటీ రెండు; కొన్ని ఐగెన్ విలువల మొత్తం ఇంకో ఐగెన్ విలువకు సరిపోయే ఆ కూడిక చాలు మీకు. ఇక ఎక్స్ వర్గాన్ని ఏ బహుపదీ కదిలించలేదు. దాన్ని ఎక్స్ పరమ విలువ లాగ్‌తో గుణించి వై లోంచి తీసేస్తే సమీకరణం సరళమవుతుంది, నిజమే. ఆ లబ్ధాన్ని ఒకసారి అవకలనం చేస్తే సున్నా దగ్గర బుద్ధిగానే ఉంటుంది. రెండోసారి చేస్తే లాగ్ బయటపడి రుణ అనంతానికి జారిపోతుంది. మూడు చరరాశులున్నచోట మీ ఆగడం ఇంకా ఎక్కువ: 2, 1, −1 లాంటి విలువలతో హార్ట్‌మన్ చూపిన ఉదాహరణలో మొదటి అవకలజం కూడా దక్కలేదు.

అయినా గుణకాలు స్థిరంగా ఉన్నంతకాలం మీ చిరునామా ఒక సంఖ్య. కాలంతో మారాయా, ఆ మర్యాదా పోయింది. క్షణక్షణం లెక్కగట్టే ఐగెన్ విలువలను నమ్మలేం. 1960లో మార్కస్, యమాబే ఇచ్చిన ఉదాహరణలో వాటి వాస్తవ భాగం ఎప్పుడూ −1/4, అయినా ఒక పరిష్కారం ఘాతీయంగా పెరుగుతూ పోతుంది. అందుకే 1978లో సాకర్, సెల్ విలువల బదులు సంవృతాంతరాలు చేతికిచ్చారు. విడి బిందువుల్లో దాక్కునే మీకు ఏకంగా వీధులు దొరికాయి.

ఇక నా అసలు ఫిర్యాదు. ఎక్స్ గుణకం 1 నుంచి 1.2 దాకా అంతరమిస్తూ నిదానంగా ఊగుతోందనుకుందాం. వై గుణకం ప్రతి క్షణం దానికి రెట్టింపు, పైన 0.1. వై అంతరం 2.1 నుంచి 2.5, ఎక్స్ అంతరాన్ని రెట్టిస్తే 2 నుంచి 2.4. రెండూ ఒకదానిమీదొకటి పడ్డాయి కాబట్టి మీరున్నారని ఆ అంతరాలను పోల్చే సిద్ధాంతాలు చేతులెత్తేస్తాయి. కానీ ఏ క్షణంలో చూసినా తేడా 0.1 ఉండనే ఉంది! పక్కన అదే ఎక్స్ వర్గం పదం పెట్టి చూశాను. కొత్త చరరాశి: వై, దానికి 10 ఎక్స్ వర్గాలు కలిపి. సమీకరణం సరళమైంది, లాగ్ ఊసే లేదు. అవకలనం చేసి సరిచూసుకోండి, ఆ వీధి ఖాళీ చేయండి.

ఇట్లు,
మీ బాధితుల్లో ఒకడు